వదిన తోట, రంగన్న బావి

ఎమ్మిగనూరు,
4-6-1955

అన్న అబ్రహాముకు చెల్లెలు రాహేలు నమస్కారం. దేవుని దయవల్ల ఇంత ఎండలోనూ అమ్మ, వదిన, నేను క్షేమం. తోటలో ప్రాణంతో మిగిలిన మొక్కలూ క్షేమమే. హోస్పేటలో డ్యాం పని దగ్గర ఆ రాళ్ళ వేడికి నువ్వెలా ఉన్నావని అమ్మ రోజూ నన్నే అడుగుతుంది, నేనేదో పొద్దున వెళ్ళి చూసి వచ్చినట్టు. ఆమెకోసమైనా త్వరగా జవాబు రాయి.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. అమ్మ దగ్గు తగ్గింది. నా తలనొప్పి వడగాలి వల్ల వచ్చింది, పుస్తకాల వల్ల కాదు. ఆదోని కాన్వెంటులో మదర్ ఇచ్చి పంపిన పుస్తకాలన్నీ అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. ఇక నీ మూడో ప్రశ్న. "ముత్తమ్మ ఇంకా ఆ మడులు పట్టుకునే ఉందా?" అని వదిన గురించి రాశావు. ఉంది. అంతకంటే ఎక్కువ చెప్పాలి కనుకనే ఈ ఉత్తరం పొడుగవుతోంది.

నువ్వు వెళ్ళాక వేసిన తోట కనుక నువ్వు చూడలేదు. రంగన్న చేను మూలలో, పాత బావి పక్కన, రాళ్ళు తప్ప ఏమీ లేని జాగా అది. వదిన ఆ రాళ్ళు ఏరి గట్టు కట్టింది. వంగ, మిరప, పుండికూర వేసి, గట్టు పక్కన బీరపాదు పెట్టింది. రంగన్న ఆ జాగా ఊరికే ఇచ్చాడు గానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. "నీళ్ళుంటే మీ తోట, లేకుంటే నా సేను. తొలివాన నాటికి మడి ఎండి ఉంటే మడక పెట్టి దున్నేస్తా, నన్నేమీ అనుకోవద్దు."

మొదటి దెబ్బ మంచి శుక్రవారం నాడు తగిలింది. అందరం గుడిలో ఉన్నాము. అయ్యగారు సిలువ మీది ఏడు మాటల గురించి ప్రసంగం ముగించేసరికి పొద్దు వాలింది. తిరిగి వచ్చి చూస్తే గోవిందన్న మేకలు వంగమొక్కల్ని మోడు చేసి, బీరపాదు కింద పడుకుని నెమరు వేస్తున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. వదిన నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, "ఏసుసామి పలికింది ఏడు మాటలే. మన అయ్యగారు పలికినన్ని పలికింటే, ఆయప్పకు ఆదివారం లేసేదానికి ఓపిక ఉండునా?" అంది. దూరంగా దారి మీదే ఆగిన అమ్మ తిట్టబోయి నవ్వేసింది.

గోవిందన్న వచ్చి తప్పు ఒప్పుకోలేదు. "మేకలకు మీ శుక్రవారం ఎట్ల తెలుస్తాది ముత్తమ్మా?" అన్నాడు.

"తెలియకుంటే పోనీలే అన్నా. తినిందాన్ని అవి యాడో ఓసాట యేస్తాయి గదా. ఆ పెంటికలు ఎత్తుకొచ్చి నా మడిలో పొయ్."

అతను నవ్వుతూ వెళ్ళాడు గానీ మరునాడు గంపతో వచ్చాడు. తర్వాత కూడా మానలేదు. మేకలు కొరికిన చోటే వంగ చిగురించింది. ఆ చిగురు చూపించడానికి వదిన నా చేతిలో పుస్తకం లాగేసి మరీ తీసుకెళ్ళింది. ఆకు చిన్నది, ఊదారంగు, నూగుతో ఉంది. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

వడగాలి మొదలయ్యాక వదిన లేత మొక్కల మీద తడి గోనెలు కప్పేది. తను మాత్రం తలకు కొంగు కూడా చుట్టుకునేది కాదు. బీరపాదుకు మొదటి పువ్వు పూసిన రోజు అమ్మను పిలిస్తే, "నాకేం పని ఆడ?" అంది. అమ్మ ఆ తోటకు ఎందుకు రాదో నీకు తెలుసు. నాయన దేవనకొండలో బావి తవ్వుతూ మట్టి విరిగిపడి పోయినప్పటి నుంచి ఆమె ఏ బావి గట్టూ ఎక్కలేదు. ఇక ఎప్పుడూ బావిలో కాలు పెట్టబోమని నువ్వు మా చేత మాట తీసుకున్నది కూడా అప్పుడే.

పోయిన నెలాఖరుకు బావి అడుగంటింది. బొక్కెన వేస్తే బురద వచ్చింది. పూడిక తీస్తే కింద ఊట ఉందని రంగన్నే చెప్పాడు, కానీ తీసేవాళ్ళేరి? వదిన హుసేనమ్మను, మద్దమ్మను పిలుచుకొచ్చింది. ఇద్దరూ తనతో పాటు కూలికి వెళ్ళేవాళ్ళు.

"ఆడోళ్ళు బావి దిగితే నవ్వుతారు మే," అంది హుసేనమ్మ.

"నవ్వేదానికి ఊర్లో మగోళ్ళు యాడుండారు? అందరూ కాలువ తవ్వే కాడ తట్టలు మోస్తాండారు," అని వదిన మోకు తన నడుముకు కట్టుకుంది.

హుసేనమ్మ ఆ మోకును ఒకసారి లాగి చూసింది. "నిన్ను దించితే మేమంతా నీ ఎనకే వచ్చి పడతాం. ఎనుమును దించినట్లుంటాది."

అందరం నవ్వాము. అక్కడ బరువు తక్కువున్నది నేనొక్కదాన్నే. అయినా ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. వదిన ముడి విప్పి, "పోనీలే, ఎండితే ఎండనీ," అంది. నాయన సంగతి తెలిసి, చూడకూడదనే చూడలేదు వాళ్ళు.

అన్నా, ఇంతసేపూ రాయలేకపోయిన మాట ఇదే. నేను దిగుతానన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. వదిన చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ముడి తనే వేసింది, లాగి లాగి చూసి వేసింది.

కింద చల్లగా ఉంది. మోకాలి దాకా బురద. భయం వేసింది, దాచను. గంప నింపితే పైకి లాగేవాళ్ళు, మళ్ళీ వదిలేవాళ్ళు. కాసేపటికి పైన మాటలు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే అమ్మ. ఎవరు చెప్పారో తెలియదు. గట్టు మీద నిలబడి నన్నే చూస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. వదినను కొడుతుందేమో అని కూడా అనుకున్నాను.

"మ్మే రాహేలూ," అంది. "గోడ పక్క తోడతాండావు. అట్ల తోడితే గోడ కింద బోలు పడుతాది. నడుమ తీయ్. మీ నాయన నడుమ నుంచే మొదలుపెట్టేవాడు."

తర్వాత మోకు కొస తన నడుముకు చుట్టుకుని, రాతికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చుందట. నేను పైకి వచ్చేదాకా వదలలేదు. అంతసేపూ నాయన గురించి చెబుతూనే ఉంది, ఏ ఊళ్ళో ఏ బావి తవ్వాడు, ఎక్కడి నీళ్ళు తీపి అని. ఆయన గురించి అమ్మ అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పైకి వచ్చాక చూస్తే ఆమె అరచేతులు తోలు లేచి ఉన్నాయి. వదిన వాటికి వెన్న రాసింది. ఆ ఇద్దరినీ చూస్తూ, ఇలాంటి ఇంట్లో పుట్టానని మొదటిసారి గర్వపడ్డాను.

తెల్లవారేసరికి బావిలో కడవ మునిగేంత నీళ్ళు ఊరాయి. నిన్న చిన్న వాన పడింది. రంగన్న మడకతోనే వచ్చాడు. బావిలోకి తొంగిచూసి, వంగపూత చూసి, "ఇంగేముంది, ఈ మూల వదిలి ఆ పక్క నుంచి తిప్పుకుంటా," అని వెళ్ళిపోయాడు.

నీకిచ్చిన మాట తప్పాను. కోప్పడాలంటే నన్ను కోప్పడు, వదిన నన్ను దిగమనలేదు. నీకేం రాయమంటావని ఆమెనడిగితే, "వంకాయలు కాస్తాండాయని రాయ్, సాలు," అంది.

అమ్మ మాత్రం ఒకటి తప్పక రాయమంది. నువ్వు వచ్చేటప్పుడు హోస్పేట సంతలో కొత్త మోకు తేవాలట. ఇది నలిగిపోయిందట. పొడుగుది తెమ్మంది. వచ్చే ఎండాకాలానికి నీళ్ళు ఇంకా కిందికి పోతాయట.

ఇట్లు,
నీ చెల్లెలు
రాహేలు