ముందు సీటు కండక్టర్

అక్టోబరు పదకొండు, శుక్రవారం

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. కోడలికీ పిల్లలకీ కూడా చెప్పు. మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టాలి కదా, ఆ మాట రాద్దామంటే చెయ్యి రావడం లేదు. అక్కడ మీరైనా క్షేమంగా ఉండాలి. బుడ్డోడి భుజం నొప్పి తగ్గిందా? కట్టు కింద దురద పెడితే గోకనివ్వకండి, చుట్టూ మెత్తటి గుడ్డతో తుడవండి. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో దుప్పట్లూ దిండు గలీబులూ కుట్టినదాన్ని, కట్లు కట్టించుకున్నవాళ్ళ అవస్థ కొంత నాకూ తెలుసు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు పనిలో ఉన్నానమ్మా అంటావు, కోడలు బాగానే ఉన్నామత్తయ్యా అంటుంది. ఇక నేనేం మాట్లాడను? కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవు. చదవకుండా పక్కన పడేస్తావేమోనని భయం లేకపోలేదు. అంత కఠినుడివి కాదులే, నా కడుపునే కదా పుట్టావు.

మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయి, వస్తున్నాం అని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి మీ నాన్నకి కాలు ఒకచోట నిలవలేదు. ఆ పాత వ్యానుని కడిగిందే కడిగారు. సీట్లకి కొత్త తొడుగులు కుట్టమని నా ప్రాణం తోడేశారు. రిటైరైనా బస్సు డ్రైవరు బస్సు డ్రైవరే అని విసుక్కుంటూనే కుట్టాను. నా మురిపెం మాత్రం తక్కువా? అల్మారాలో దాచిన మంచి దుప్పట్లన్నీ తీసి పరిచాను.

మీరిద్దరూ వచ్చీ రాగానే మంచానికి అడ్డంపడి నిద్రపోయారు. మర్నాడు పొద్దెక్కాక కోడలు లేచొచ్చి, అయ్యో అత్తయ్యా, లేపలేదేం అని నొచ్చుకుంది. పడుకో తల్లీ, ఇక్కడ నీకేం ఆఫీసుందా అన్నాను. ఆ పిల్ల నవ్వింది చూడు, ఆ నవ్వుకి నా కడుపు నిండిపోయింది. ఎంత అలిసిపోయి ఉన్నారో అనిపించింది. ఇంట్లో మనుషులు నిద్రపోతుంటే చప్పుడు కాకుండా గిన్నెలు సర్దుకోవడంలో ఎంత సుఖముందో ఇన్నేళ్ళకి తెలిసింది. వంటింట్లో పెద్దది వాళ్ళ తాతయ్యని పక్కన నిలబెట్టుకుని రొట్టె మీద జామ్ రాయిస్తోంది. ఆయన రొట్టెకన్నా బల్లకే ఎక్కువ పూశారు. ఏం మనిషండీ మీరు అని కసిరాను. అది మాత్రం, ఇటు తాతయ్యా, ఇంకొంచెం ఇటు అంటూ ఆయన చెయ్యి పట్టుకుని రాయించింది. బుడ్డోడు బల్లని నాకేశాడు. ఎవరికీ ఏ తొందరా లేదు. ఆ రోజు అలాగే ఆగిపోయి ఉంటే నా సొమ్మేం పోయేది.

ఆదివారం మీరిద్దరూ ఇంట్లోనే పడుకోండి, పిల్లల్ని మేం చెరువుకి తీసుకెళ్తాం అన్నది నేనే. గుర్తుందా? మీ నాన్న కాదు, నేను.

బండెక్కగానే తాతా మనవరాళ్ళ నాటకం మొదలైంది. మీ నాన్న సర్వీసంతా ఒకే మాట మీద బతికారు కదా, కండక్టర్ రైట్ అనందే బండి కదపకూడదు, హోల్డాన్ అంటే ఎందుకని అడక్కుండా ఆపెయ్యాలి. ఆ పాఠమంతా దానికి పట్టించారు. అది ముందు సీట్లో బెత్తంలా నిటారుగా కూర్చుని దారంతా ఒకటే చెప్పడం. ఎడమ పక్క సైకిలు తాతయ్యా, ముందు ఎర్ర లైటు, హోల్డాన్, ఇద్దరు దాటుతున్నారు, దాటేశారు, రైట్ రైట్. వెనక బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకుని నవ్వలేక చచ్చాను. మీ కండక్టరమ్మ టికెట్టు కొట్టదేం అని అడిగితే, ఈవిడ రోడ్డు కండక్టరు, టికెట్లతో పనిలేదు అన్నారాయన. ఇద్దరూ ఎంత గంభీరంగా ఉన్నారనుకున్నావు!

చెరువు దగ్గర పెద్దది నీళ్ళలోంచి బయటికి వస్తే ఒట్టు. పెదాలు నీలంగా మారాక నేనే చెయ్యి పట్టి లాక్కొచ్చి తువ్వాలు చుట్టాను. బుడ్డోడు ఒడ్డున బురదతో బస్సు కట్టి, అందులో నన్ను కూర్చోమన్నాడు. మీ నాన్న పాదాలు నీళ్ళలో పెట్టుకుని, ఇంతకంటే ఏం కావాలే మనకి అన్నారు. ఏమీ అక్కర్లేదండీ అన్నాను. దిష్టి నాదే తగిలిందేమో.

తిరిగొచ్చేటప్పుడు జరిగింది నీకు తెలుసు. స్కూలు మలుపులో బండి పేవ్‌మెంటు ఎక్కేసి ప్రహరీగోడని గుద్దింది. బుడ్డోడు నా ఒళ్ళోంచి జారి ముందు సీటుకి కొట్టుకున్నాడు. వాడి భుజం ఎముక విరిగిన చప్పుడు నేను విన్నానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి పట్టుకున్న చేతులు ఇవేరా. ఇన్ని దుప్పట్లు కుట్టాయి, ఇంత పిల్లాణ్ణి పట్టుకోలేకపోయాయి.

ఎండ కళ్ళలో కొట్టిందన్నారు మీ నాన్న. నేనూ అదే చెప్పాను. ఆసుపత్రి వరండాలో కోడలు నా మొహం చూడకుండా బిడ్డని నా చేతుల్లోంచి తీసుకుంది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నువ్వన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

“ఇక పిల్లల్ని పంపను నాన్నా. అడగొద్దు.”

ఆయన సరే అన్నారు. ఎవరో దారి అడిగితే చెప్పినంత మామూలుగా అన్నారు. అప్పట్నుంచీ కిటికీ వైపు ఉండే కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. మెకానిక్కు బండి ఏం చెయ్యమంటారని ఫోన్ చేస్తే తియ్యడం లేదు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. నేనూ అంతే. పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియడం లేదు. కుట్టుమిషను ముందు కూర్చుంటాను, దారం ఎక్కిస్తాను, మళ్ళీ తీసేస్తాను. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాదు. మాకు ఆ పిల్లలు తప్ప ఎదురుచూడటానికి ఏముంది చెప్పు? ఇంత వయసొచ్చాక కొత్తగా ఏం పుట్టుకొస్తుంది?

అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను. చలికాలం సెలవులకి ఒక్కసారి పంపు. వ్యాను అమ్మేస్తాం. నేనే బస్సులో వచ్చి తీసుకెళ్తాను, బస్సులోనే దింపుతాను. చెరువు మాటెత్తను. వాకిలి దాటనివ్వను. నీకు నమ్మకం లేకపోతే మీరిద్దరూ కూడా వచ్చి కాపలా కూర్చోండి, వండి పెడతాను. ఎండ కళ్ళలో పడితే ఎంతటి డ్రైవరైనా ఏం చేస్తాడురా? ఎవరికైనా జరగొచ్చు కదా. తండ్రిని ఒక్క తప్పుకి ఇంతలా శిక్షించకు. నీ కాళ్ళు పట్టుకున్నాననుకో.

జవాబు రాయి. రాయకపోతే ఫోనైనా చెయ్యి. కుదరదనడానికైనా సరే, నీ గొంతు వింటాను.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపాను. ఇందాక కోడలు ఫోన్ చేసింది. అందుకని.

ఎండ సంగతి అబద్ధం. ఆ మలుపులో ఎండ మా వీపు వైపు ఉంది.

మీరు వెళ్ళిపోయిన రోజున పెద్దది నా మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఒక మాట చెప్పింది. “నానమ్మా, నేను నిద్రపోయాను. నాన్నకి చెప్పకు. చెప్తే మమ్మల్ని ఇక్కడికి రానివ్వడు.” నాకు ముందు అర్థం కాలేదు. చెరువులో ఆడి ఆడి అలిసిపోయి, తిరుగు ప్రయాణంలో అది ముందు సీట్లో తలవాల్చి నిద్రపోయిన మాట నిజమే. లేపనా అని నేనడిగితే, పడుకోనీవే, పాపం, నేను చూసుకుంటాను అన్నారు మీ నాన్న. ముద్దుగానే అన్నారు.

మీరు వెళ్ళాక నిలదీశాను. ఎడమ కన్ను ఎప్పుడో పోయిందట. కుడి కంటితో గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఇంత మేర కనిపిస్తుందట. బలవంతాన డాక్టర్ దగ్గరికి లాక్కెళితే ఆయనా అదే అన్నాడు. నాకు చెప్పలేదు, నీకు చెప్పలేదు. మనవరాలికొక్కదానికే తెలుసు. నీకు కనబడదా తాతయ్యా అని అదే అడిగిందట. అది కనిపెట్టుకుని చెబుతుంటే చాలనుకున్నారట ఈ మహానుభావుడు. జీవితమంతా కండక్టర్ మాట మీద బండి నడిపిన మనిషి కదా, పసిపిల్ల నోటి మాట మీద కూడా నడిపేశారు. నేను వెనక కూర్చుని నవ్వాను.

ఇది తెలిశాక నువ్వు పిల్లల్ని పంపవు. తెలిసే రాస్తున్నాను. పంపకు. నేనైనా పంపను. పైన నేను బతిమాలిందంతా చదవలేదనుకో. దాని రహస్యం దాచిపెట్టి దాన్ని రప్పించుకుందామనుకున్నాను చూడు, ఈ వారమంతా అదే ఆలోచన. థూ నా బతుకు.

కోడలు చెప్పింది, పెద్దది ఈ మధ్య మీ కారులో ఎంత దూరమెళ్ళినా నిద్రపోవట్లేదని, కళ్ళు నులుముకుంటూ రోడ్డే చూస్తోందని. గోడని గుద్దినప్పటి భయం ఇంకా పోలేదేమో అత్తయ్యా అంది. భయం కాదురా అది. డ్యూటీ చేస్తోంది. తమ్ముడి ఎముక తనవల్లే విరిగిందనుకుంటోంది.

నేను చెబితే తనని ఊరడించడానికి అంటున్నాననుకుంటుంది. నువ్వే చెప్పాలి. ఇది చదివిన రోజే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పు, పిల్లలకి నిద్రొస్తే నిద్రపోవాలని, తప్పు తాతయ్యదని. మీ తాతయ్య చెడ్డవాడని చెప్పాల్సి వస్తే అదీ చెప్పు, ఆయన ఒప్పుకున్నారు. దాన్ని డ్యూటీ దించెయ్యి నాన్నా.