పాసైతే చాలా?

మంగళవారం రాత్రి

రేపు మా అమ్మాయి సునీతకి కాకినాడలో మందుల సబ్జెక్టు పరీక్ష. డాక్టరు చదువులో అదే కష్టమట. నాకు ఇంగ్లీషు రాకపోయినా పుస్తకం నా చేతికిచ్చి సాయంత్రమంతా గడగడా ఒప్పజెప్పింది.

"ఇంజెక్షన్ పడక మనిషికి ఊపిరాడకపోతే ముందు ఏం చేస్తావే?" అన్నాను.

"మా సార్ కంటే నువ్వే కష్టమైనవి అడుగుతున్నావేంటమ్మా" అని నవ్వింది. అంతలోనే ముఖం మారిపోయింది. వాళ్ళన్నయ్య పోయింది అలాగే.

"ఏ మందివ్వాలో రాస్తే మార్కులేసేస్తారమ్మా. మా చేత చేయించి చూడరు. నాకే భయమేస్తుంది" అంది.

ఆ రోజు నా కొడుక్కి సూది వేసినాయన కూడా ఈ పరీక్షలన్నీ పాసయ్యే వచ్చుంటాడు.

పిల్ల పాసైతే కోరుకొండ గుడి మెట్లెక్కుతానని మొక్కుదామని స్వామి పటం ముందు నిలబడ్డాను. నోరు రాలేదు.