అమెరికా ముసలాయన ఊపిరి

అక్టోబర్ 30, గురువారం

బాబీ ఫోన్ చేశాడు. జూన్‌లో బైపాస్ అయ్యాక ఇదే మొదటి కాల్.

ఆపరేషన్ సంగతి ఇండస్ట్రీలో ఎవరికీ తెలియదు. అత్తగారి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నానని చెప్పుకొచ్చాం. గుండె కోయించుకున్నవాణ్ణి మైకు ముందు ఎవరు నిలబెడతారు? ముప్ఫై ఏళ్ళుగా తెర మీద కత్తిపోటు తిన్న రౌడీలు సగం మంది నా గొంతుతోనే చచ్చారు. నాకు బాగాలేదని తెలిస్తే మర్నాటి నుంచి ఇంకొకడి గొంతుతో చస్తారు. అంతే తేడా.

బాబీ సౌండ్ ఇంజినీర్. ఫిల్మ్‌నగర్‌లో ఓ సెల్లార్‌లో చిన్న డబ్బింగ్ స్టూడియో నడుపుతున్నాడు. అమెరికా వేట సిరీస్ ఒకటి తెలుగులోకి వస్తోందట. తండ్రికి నా గొంతు కావాలట. మొదటి ఎపిసోడ్ విని ఛానల్ వాళ్ళు ఓకే అంటే మిగతావన్నీ నాకే.

మా ఆవిడ లీలాకుమారి వెంటనే వద్దంది. తరవాత తనే డాక్టర్‌కి ఫోన్ చేసింది. మాట్లాడొచ్చు, బరువులు మాత్రం ఎత్తకూడదు అన్నాడట. డబ్బింగ్‌లో బరువేముందే అన్నాను. దేవుడా, నీకు థాంక్స్. బాబీకి ఇంకా పెద్ద థాంక్స్.

అక్టోబర్ 31, శుక్రవారం

ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న. గుర్రమంత ఉంది. స్క్రిప్టులో జింక అని రాశారు. దాన్ని చూపించి జింక అంటే జనం నవ్వుతారని బాబీ ఎల్క్ అనే ఉంచేశాడు.

తమాషా ఏమిటంటే, వేట రెండు నిమిషాల్లో అయిపోయింది. మన దగ్గరైతే అదే క్లైమాక్స్. వీళ్ళకి అక్కడే కథ మొదలు. మాంసం కోసి, గుడ్డ సంచుల్లో కట్టి, వీపుకి తగిలించుకుని ఆ కొండంతా దిగాలి. జీపు ఎక్కడో కింద ఉంది. మేకలు కూడా జారే ఏటవాలు, విరిగిపడ్డ చెట్లు. ఒక్కసారి దిగితే చాలదు, మళ్ళీ ఎక్కి మిగతాది తేవాలి. తండ్రి పేరు వాల్ట్, డెబ్భై దాటినట్టున్నాడు. కూతురు జెన్.

కూతురికి చెప్పే అమ్మాయి ఉదయశ్రీ. బోరబండ పిల్ల. ఇంతవరకూ హీరోయిన్ ఫ్రెండ్స్‌కి చెప్పిందట. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. అలా చూసేవాళ్ళంటే నాకు చిరాకు.

కార్తీకమాసం. ఇంట్లో ఉల్లిపాయ కూడా లేదు. పొద్దుటినుంచీ కళ్ళ ముందు ఎర్రటి మాంసం, ఇంటికొస్తే సొరకాయ కూర.

నవంబర్ 1, శనివారం

డైలాగులన్నీ సింగిల్ టేక్. మధ్యలో ఎలక్షన్ ఆటో మైకు వేసుకుని వెళ్తే ఒకటి పోయింది, అది నా తప్పు కాదు.

మధ్యాహ్నం ఎఫర్ట్స్ మొదలయ్యాయి. ఆయాసాలు, మూలుగులు, తూలడాలు, మాట కానివన్నీ. అవి నా సొత్తు. కొత్తవాళ్ళకి నేర్పించింది కూడా నేనే. నడుం దగ్గర వంగాలి, నోటితో పీల్చాలి, పొట్టలోంచి వదలాలి. అంతా తెలుసు. వాల్ట్ ఓ దుంగ దాటుతున్నాడు. నేను పీల్చాను, వదిలాను, మళ్ళీ పీల్చాను. కళ్ళు బైర్లు కమ్మాయి. కోసి కుట్టిన చోట ఎముక కలుక్కుమంది.

సిగరెట్ తాగొస్తానని చెప్పి వచ్చి సెల్లార్ మెట్ల మీద కూర్చున్నాను. సిగరెట్ మానేసి ఆరు నెలలు. నాలిక కింద మాత్ర పెట్టుకున్నాను. ఉదయశ్రీ బాటిల్ నింపుకోడానికి పైకి వెళ్తూ చూసింది.

మళ్ళీ లోపలికి వెళ్ళి ఏదో చేశాను. ప్లేబ్యాక్ విన్నాను. మాంసం మోస్తున్నవాడిలా లేదు, మంచం దిగినవాడిలా ఉంది. బాబీ మేనేజ్ చేస్తానన్నాడు. ఆ మాట ఎప్పుడంటారో నాకు తెలుసు.

ఈ పని పోతుంది.

నవంబర్ 2, ఆదివారం

సొరకాయ.

నవంబర్ 3, సోమవారం

ఓకే అయింది! ఛానల్ వాళ్ళకి అన్నిటికంటే తండ్రి ఆయాసం నచ్చిందట. వింటుంటే మాకే కాళ్ళు పీకాయన్నారట. బాబీ ఫోన్‌లో చదివి వినిపించాడు. రెండుసార్లు చదివించుకున్నాను.

ఆ రోజు నాకే బాగా వినపడలేదన్నమాట. భయంలో చెవి కూడా మోసం చేస్తుంది. లోపలి సరుకు ఎక్కడికీ పోలేదు. కాల్లోంచి నరం తీసి గుండెకి వేశారు కదా, కొండ దిగడం దానికి తెలిసే ఉంటుంది. ఆ సర్జన్ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

వచ్చేటప్పుడు యూసుఫ్‌గూడలో ఆగి లీలకి మల్లెపూలు కొన్నాను. ఈ సీజన్‌లో మల్లెపూలేంటండీ అని కోప్పడి పెట్టుకుంది.

నవంబర్ 5, బుధవారం, మధ్యాహ్నం

పౌర్ణమి. లీల వత్తులు వెలిగించడానికి చీకటితోనే గుడికి వెళ్ళింది. కాఫీ ఇచ్చే దిక్కు లేక నేను స్టూడియోకి పెందలాడే బయల్దేరాను.

సెల్లార్ మెట్ల మీద ఉదయశ్రీ కనిపించింది. భుజం మీద నీళ్ళ క్యాను, నిండుది. కింద నుంచి పైకి మోసుకొచ్చింది. నన్ను చూడలేదు. గిర్రున తిరిగి మళ్ళీ కిందికి దిగింది, మళ్ళీ ఎక్కింది. చివరికి క్యాను గుమ్మం దగ్గర దించి రికార్డింగ్ బూత్‌లోకి పరుగెత్తింది. తలుపు పడింది. నేను వెళ్ళి బాబీ వెనకాల నిలబడ్డాను.

అద్దం అవతల ఆ పిల్ల మైకు ముందు రొప్పుతోంది. తెర మీద ఉన్నది జెన్ కాదు. వాల్ట్.

ఎంత బాగుందంటే, సరిగ్గా సరిపోయింది. అందుకే ఒళ్ళు మండింది.

బయటికొచ్చాక ఏంటిదని అడిగాను. మొహం తుడుచుకుని, నిదానంగానే చెప్పింది.

"మాటలన్నీ మీవే సార్. ఊపిరొక్కటే నేనిచ్చిన. ఊపిరికి ఆడేంది, మగేంది?"

నీకెవరు చెప్పారన్నాను.

"ఎవ్వరు చెప్పలే. మెట్ల మీద మీరు గోలీ పెట్టుకునుడు చూసిన. ఫికర్ జేయకుండ్రి, నేను ఎవ్వరికి చెప్ప."

బాబీ తల ఎత్తలేదు. మొదటి ఎపిసోడ్‌ది కూడా ఆ అమ్మాయేనా అంటే తల ఊపాడు. అంటే ఛానల్ వాళ్ళు మెచ్చుకున్నది ఈ ఊపిరిని. నేను మల్లెపూలు కొన్నది దీనికి. ముప్ఫై ఏళ్ళలో నా చావులన్నీ నేనే చచ్చాను, నాకెవరూ సాయం చావలేదు అని అరిచేసి వచ్చేశాను.

ఆటోలో అర్థమైంది, అరిచినందుకే ఆయాసం వచ్చిందని.

నవంబర్ 6, గురువారం

వెళ్ళలేదు. బాబీ ఫోన్లు ఎత్తలేదు. స్టూడియోలో కరెంటు లేదని లీలకి చెప్పాను. నమ్మలేదు.

సాయంత్రం ఆరేసిన బట్టలు తెస్తానని టెర్రస్‌కి బయల్దేరాను. నా దమ్మెంతో చూసుకుందామని. రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాను. మా మోతీనగర్ అంతా టీవీల చప్పుడు. వాటి మధ్య నా ఊపిరి నాకు వినపడింది. రెండు పొట్టివి, ఒక పొడుగు, మధ్యలో చిన్న ఈల. నిన్న బూత్‌లో విన్నది అచ్చంగా ఇదే.

ఆ పిల్ల వాల్ట్‌ని చూసి నేర్చుకోలేదు. మెట్ల మీద నన్ను చూసి నేర్చుకుంది.

అక్కడే కూర్చుని నవ్వుకున్నాను. కొంచెం ఏడ్చాను కూడా. బట్టలు పక్కింటావిడ తెచ్చి ఇచ్చింది.

నవంబర్ 7, శుక్రవారం

వెళ్ళాను. ఉదయశ్రీ కుర్చీ జరిపి చోటిచ్చింది.

రెండో ఎపిసోడ్‌లో ఆఖరి రీలు. ఇంతవరకూ చూడలేదు. మాంసం ఆఖరి విడత దించుతున్నారు. వాల్ట్ వాగులో నీళ్ళు పట్టుకోడానికి వెళ్తాడు. జెన్ గబగబా ఆయన బ్యాగు విప్పి, అందులోంచి ఓ మాంసం సంచి తీసి తన బ్యాగులో కట్టుకుంటుంది. ఖాళీ కనపడకుండా ఆయన కోటు చుట్టి అక్కడ కుక్కుతుంది. ఆయన వస్తాడు. బ్యాగు భుజాన వేసుకుంటాడు. ఒక్క క్షణం ఆగుతాడు. కూతురు వంగి బూటు లేసులు కట్టుకుంటూ ఉంటుంది. ఆయన ఆమె తలకేసి చూసి, ఏమీ అనకుండా దిగడం మొదలుపెడతాడు.

బాబీని ఆపమన్నాను. మళ్ళీ వేయమన్నాను. నేనైతే ఆ కొండ మీదే అరిచి ఉండేవాణ్ణి. ఈయన మోయనిచ్చాడు.

కింద జీపు దగ్గర బ్యాగు దించి ఆయన ఇంగ్లీషులో రెండే ముక్కలు అంటాడు. మొహం అటు తిరిగి ఉంది, పెదాలు కనపడవు, ఎంత పొడుగు డైలాగైనా పట్టేస్తుంది. మన రైటర్ ఊరుకుంటాడా. "ఈ కొండ నా వయసుని చూసింది, నా కూతురి భుజాన్ని చూడలేదు" అని పంచ్ కొట్టాడు. మొన్న స్క్రిప్టులో చదివి ఈల వేద్దామనుకున్న డైలాగ్. ఇవాళ నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాను. బాబీ సరేనన్నాడు.

"బ్యాగు తేలిగ్గా ఉందమ్మా."

అమ్మా అన్నది ఇంగ్లీషులో లేదు. స్క్రిప్టులోనూ లేదు. పక్క మైకు దగ్గర ఉదయశ్రీ నిలబడి ఉంది. జెన్ బదులు చెప్పదు కాబట్టి ఆ అమ్మాయీ ఏమీ అనలేదు. బాబీ టేక్ ఓకే అన్నాడు. మళ్ళీ చెప్పనా అంటే వద్దన్నాడు.

తరవాత ఆ అమ్మాయితో అన్నాను, మిగతా ఎపిసోడ్లకి కూడా ఊపిరి నువ్వే ఇవ్వమ్మా అని.

"ఇస్త సార్. గని మూలుగుడు మాత్రం మీరే మూలగాలె. అది నాతోని కాదు."

ఛానల్ వాళ్ళకి నా ఆపరేషన్ సంగతి, ఊపిరి సంగతి రెండూ చెప్పేయమన్నాను బాబీకి. అమ్మాయి పేరు కూడా వేయించమన్నాను. చెబుతానన్నాడు. ఆపరేషన్ సంగతి తనకి జులైలోనే తెలుసట. తెలిసే పిలిచాడట.

ఇన్నాళ్ళూ దాచానని నేననుకున్నాను. వీళ్ళంతా తెలియనట్టు ఉండి నన్ను మోసుకొచ్చారు.

నవంబర్ 8, శనివారం

మూలిగాను. సింగిల్ టేక్.

నవంబర్ 30, ఆదివారం, రాత్రి

టీవీలో మొదటి ఎపిసోడ్ వచ్చింది. లీల డైలాగులు వినలేదు. కళ్ళు మూసుకుని ఊపిరి ఒక్కటే విన్నది.

"ఎంత దమ్ముందండీ మీకు. ఇక నాకు భయం లేదు" అంది. జూన్ తరవాత ఆ మాట అనడం ఇదే మొదలు.

ఎవరి ఊపిరో రేపు చెబుతాను. ఇప్పుడు నిద్రపోతోంది.