ఊరు ఎత్తిన చేతులు

పూండి పోస్టు,
అక్షయ నామ సంవత్సరం, మాఘ బహుళ చవితి,
20-2-1927.

మహారాజశ్రీ తిరుపతిరావు బావకి,

నీ చెల్లెలు రాజులమ్మా, పిల్లలూ, నేనూ శ్రీకూర్మనాథుడి దయవల్ల ఒంట్లో నలత లేకుండా ఉన్నాం. సముద్రానికి ఆవలి ఒడ్డున నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తూ నీ బావ పోలారావు రాసుకునే సంగతులు.

నీ ఉత్తరం చేరింది. రంగూన్‌లో మీ బియ్యం మిల్లు యంత్రాలు చూసే అమెరికా దొర తన ఊరి గురించి చెప్పినవన్నీ చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆయనది వెర్మాంటు అనే చిన్న రాష్ట్రమనీ, అంతా కొండలూ పాడి ఆవులూ రైతులేననీ రాశావు. రాజధానిలో గవర్నరూ చట్టసభా ఉన్నా, ఊరి రోడ్డు ఎటు వెళ్ళాలో చెప్పేది వాళ్ళు కారట. మార్చి నెల మొదటి మంగళవారం ఊరంతా మంచులో బళ్ళు కట్టుకుని వచ్చి ఒక హాల్లో కూర్చుంటుందట. ఎవరైనా లేచి మాట్లాడవచ్చునట. ఆఖరున చేతులెత్తమంటారట. ఈమధ్య ఆడవాళ్ళ చేతులూ లెక్కలోకి వస్తున్నాయట. నిజమా బావా? ఆ దొర నిన్ను ఆటపట్టించడం లేదు కదా?

మన సంగతి నీకు తెలుసు. పైన మద్రాసు, కింద ఛత్రపురంలో కలెక్టరుగారూ జిల్లా బోర్డూ, ఆ కింద టెక్కలి తాలూకా బోర్డు. అందరికన్నా కింద కొత్తగా పెట్టిన మన పంచాయతీ. నన్ను ప్రెసిడెంటు అంటున్నారు గాని, ఏం కావాలన్నా అర్జీ ఒక్కొక్క మెట్టే ఎక్కాలి, జవాబు ఒక్కొక్క మెట్టే దిగాలి. దిగేసరికి అడిగిన పని మాకే గుర్తుండదు.

స్టేషనుకి రోడ్డు కావాలన్న అర్జీకి ఈసారి మాత్రం జవాబు బేగి వచ్చింది. ఎందుకో చెబుతాను. మొన్న ఆశ్వయుజం తుపానులో జాలర్ల పేటలో బొడ్డమ్మ కోడలికి కాన్పు కష్టమైంది. ఆసుపత్రికి రైల్లో తీసుకెళ్దామని మంచానికి కర్రలు కట్టి, మోసుకుంటూ పూండి స్టేషనుకి బయల్దేరారు. గట్టుదారంతా నడుంలోతు నీళ్ళు. చుట్టూ తిరిగి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది. ఆ పిల్ల అక్కడే, స్టేషనులోనే బిడ్డను కని కన్ను మూసింది. ఆడబిడ్డ. అది బతికింది.

ఆ కబురు టెక్కలిదాకా వెళ్ళింది. తాలూకా బోర్డు ఓవర్సీరు వచ్చి చూసి, రోడ్డు మేం వేస్తాం, స్థలం మాత్రం ఊరే ఇవ్వాలి, ఎటునుంచి వెయ్యాలో పంచాయతీ తీర్మానం చేసి పంపండి అన్నాడు. ఉన్నవి రెండు దారులు. ఒకటి పాత గట్టు. అది చుట్టు తిరుగుడు, ఎంత మట్టి పోసినా వానకి కోసుకుపోతుంది. రెండోది మెరక మీదుగా తిన్నగా స్టేషనుకి. అయితే అది మా నాన్న వేసిన కొబ్బరితోట నడిమధ్యనుంచి పోవాలి.

మెంబర్లందరూ నా మొహం చూసి నేల చూశారు. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. చట్టం ప్రకారం తీర్మానం చేసేది మేం మెంబర్లమే. అయినా ఊరిని అడుగుదాం, ఊరు ఏమంటే అదే రాద్దాం అన్నాను. నా తోట మీదికి ఎవరు చెయ్యెత్తుతారులే అన్న ధీమా కూడా ఉందనుకో.

కిందటి ఆదివారం బడి వాకిట్లో కూడాం. పేటవాళ్ళు వచ్చి కంచె అవతలే కూర్చుండిపోతే, మన బడిపంతులు కూర్మనాథంగారు వెళ్ళి లోపలికి పిలుచుకొచ్చారు. ఆడవాళ్ళూ వచ్చి ఒక వారగా నిలబడ్డారు. కరణం ఈశ్వరరావుగారికి ఇదేమీ నచ్చలేదు. "ఇదెక్కడి పద్ధతండీ ప్రెసిడెంటుగారూ, తీర్మానానికి ఇంతమందెందుకు?" అని చెవిలో గొణిగారు.

మొదట నేనే మాట్లాడాను. ఆ ఇసకలో మొక్క నిలవదని అందరూ నవ్వుతుంటే మా నాన్న కావిడితో నీళ్ళు మోసి ఒక్కొక్క చెట్టునూ ఎలా బతికించాడో చెప్పాను. సభంతా మెత్తబడిందనిపించింది.

అప్పుడు బొడ్డమ్మ లేచింది.

"బాబూ, మీ నాయిన ఆ సెట్లకి నీళ్ళు మొయ్యడం నాను కళ్ళారా సూసినాను. అబద్దం నేదు. నా కోడల్ని కూడా అలగే బుజాల మీద మోసినారు. సెట్లు బతికినాయి. నా కోడలు గుంట బతకనేదు."

అంతే. కూర్చుంది. ఏడవలేదు కూడా.

తరవాత పంతులుగారు చేతులెత్తమన్నారు. గట్టుదారికి కొందరు, తోటదారికి కొందరు. లెక్క చూస్తే సరిసమానంగా వచ్చింది బావా! మిగిలింది ప్రెసిడెంటుగా నా చెయ్యొక్కటే. మా నాన్నను తలుచుకున్నాను, ఆ బిడ్డను తలుచుకున్నాను. తోటదారికే ఎత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. నీ చెల్లెలు ఎటు ఎత్తిందని మాత్రం అడగకు.

తీర్మానం టెక్కలి వెళ్ళింది. వాళ్ళు ఒప్పుకోవాలి, పైవాళ్ళూ ఒప్పుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. కాని ఇన్నేళ్ళూ మనం పైకి చూసి అడగడమే నేర్చుకున్నాం, పక్కకు చూసి అడగడం నేర్చుకోలేదు అనిపిస్తోంది. ఊరంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను. కంచె అవతల కూర్చున్నవాళ్ళని కలిపి ఎన్నడూ అనుకోలేదు.

ఒంట్లో జాగ్రత్త. ఆ దొరకి నా దండాలు చెప్పు.

ఇట్లు,
నీ బావ
పోలారావు

తా.క. ఇది రాస్తున్నది కూర్మనాథం. మీ బావ ఈ కవరు పోస్టులో వేయమని మీ చెల్లెలి చేతికిచ్చారట. ఆవిడ బడికి తెచ్చి నాచేత చదివించుకుని, కింద నాలుగు ముక్కలు చేర్చమన్నారు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అన్నా, నీ బావ రాసినవన్నీ నిజాలే గాని, ఆ సమానం మాట అబద్దం. సమానం ఎక్కడిది? నీ బావ గట్టుదారికే సెయ్యెత్తినాడు. మెంబర్లూ, మన ఈదిలో మగోలు కొందరూ అటే ఎత్తినారు. తోటదారికి పేటంతా ఎత్తింది, ఆడోలందరం ఎత్తినాం. అందరికన్నా ముందు ఎత్తింది నాను. నీ బావ ఓడిపోనాడు.

కరణంగారు లెగిసి, ఆడోల సేతులు సట్టంలో సెల్లవు, మీకు ఎలగ కావాలంటే అలగ రాసుకోండి అన్నారు. నీ బావ నా ఎంక సూసినాడు. నాను సెయ్యి దించనేదు. ఆకర్న, "ఊరు సెప్పిందే రాయండి" అన్నాడు. సప్పట్లు ఎవులూ కొట్టనేదన్నా. ఎవులి మొగం ఎవులూ సూడకుండా ఇళ్ళకి పోనాం. నీకు ఆ మాట రాయడానికి సిన్నతనం అనిపించినట్టుంది. అందులో సిన్నతనం ఏటుందో నాకు తెలవదు.

మర్నాడు పొద్దున్నే గునపం అట్టుకుని తోటకి పోనాడు. నాను ఎనకాలే ఎల్లి దూరంనుంచి సూసినాను. టెక్కలినుంచి ఇంకా ఏ కబురూ రానేదు, అయినా దారి పడే కాడ మొగలి కంచె తనే పీకుతున్నాడు. ముళ్ళు గీసుకుని సేతులంతా నెత్తురు. బొడ్డమ్మ మనవరాల్ని సంకనేసుకుని అటొచ్చింది. కాసేపు నిలబడి సూసింది. అప్పుడు పిల్లని ఇసకలో పడుకోబెట్టి, కంపకి రెండో కొస అట్టుకుంది. ఇద్దరూ లాగతన్నారు.