ఎండకు వెలిసిపోని పలకలు

ఏప్రిల్ 12

బట్టలు రెండు దఫాలు. ఫ్రిజ్ కడిగాను. మచ్‌బూస్ అన్నానికి మాంసం ఉడకబెట్టాను. అత్తకి ఇన్సులిన్ రెండు పూటలా. డాబా మీద అయిదు పలక ముక్కలు పెట్టాను.

ఖైరాన్‌లోని సముద్రపు ఇల్లు మా ఆయనకీ, బావగారు ధారీకీ ఉమ్మడి. ముందున్న చెక్క అరుగు ఎండకి బూడిదరంగు తిరిగి పెళ్లలు లేస్తోంది. ఈసారి కాంపోజిట్ వేయాలనుకున్నాం. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు. ఏ షాపువాణ్ణి అడిగినా రంగు పోదనే అంటాడు. అందుకే అయిదు షాపుల ముక్కలు తెచ్చి, ఒక్కోదానికి సగం వరకు అల్యూమినియం టేపు చుట్టాను. వేసవి పోయాక టేపు విప్పితే ఎవరి మాట నిజమో తెలుస్తుంది.

బావగారు ఒకటే నవ్వు. పలకలకి పరీక్షలు పెడుతోంది, ఫలితాలు పేపర్లో వేయిస్తుందేమో చూడండి అని.

మే 30, సాయంత్రం 6

ఇసుకరంగు ముక్క అప్పుడే పాలిపోయింది. చవకది వేలితో రాస్తే సున్నంలా రాలుతోంది.

జూలై 9

యాభై రెండు డిగ్రీలు. పొద్దు దిగాకే డాబా ఎక్కాను. ఈ నెలల్లో ఎవరైనా ఇంకెప్పుడు ఎక్కుతారు.

ఆగస్టు 21

టేపులు విప్పాను. కాఫీరంగు ముక్క, నాలుగు వైపులా ప్లాస్టిక్ తొడుగు ఉన్నది, గెలిచింది. టేపు కింద ఏ రంగో బయటా అదే రంగు. కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా మధ్యలో గీత కనపడలేదు. ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

సబ్రీ కొలతలకి వచ్చాడు. ఈజిప్టు వడ్రంగి. ఇరవై ఏళ్ళుగా ఈ తీరంలో సగం అరుగులు వేసింది ఇతనే. ముక్కని తిప్పి తిప్పి చూసి, రంగు పోదని ఒప్పుకున్నాడు. తర్వాత మర్యాదగా అడిగాడు.

"హాజ్జా, మధ్యాహ్నం పన్నెండింటికి దీని మీద చెయ్యి పెట్టి చూశారా?"

రంగు చూశాను, చాలదా అన్నాను. ముదురు రంగు పెనంలా కాలుతుంది, లేతది తీసుకోండి, లేదంటే పైన పందిరైనా వేయించండి అన్నాడు. నాలుగు నెలలు పరీక్ష చేసింది నేను. నీ పని రంపంతో, నువ్వు రంపం చూసుకో అన్నాను. కొలతలు రాసుకున్నాడు.

సెప్టెంబర్ 6

అరుగు పూర్తయింది. పొద్దున్నే వెళ్ళి చూశాం. బావగారు కూడా మెచ్చుకున్నారు.

సెప్టెంబర్ 19

మధ్యాహ్నం అత్త సముద్రంలో కాళ్ళు తడుపుకొచ్చింది. చెప్పులు ఇసుకలోనే వదిలేసింది. అరుగు మధ్యలో నిలబడి, తొమ్మిది మంది మనవల్నీ పేరు పేరునా భోజనానికి పిలిచింది. పిల్లలు అంచు మీద కాలు పెట్టి, వెనక్కి గెంతి, కాలుతోంది నానమ్మా అని గోల. ఆమె నవ్వింది. మగపిల్లలై ఉండి ఇంత నాజూకా, మీ తాత ముత్యాలకి మునిగిన మనిషిరా అంది.

షుగర్‌తో ఆమె పాదాలకి స్పర్శ పోయి ఆరేళ్ళు.

గుమ్మం వైపు అడుగు తీస్తే, అరికాలి చర్మం పలకకే అంటుకుని ఉండిపోయింది.

సెప్టెంబర్ 20

ధారీ ఏదో చిన్న మరమ్మతు ఉందని సబ్రీని పిలిపించాడు. అతను వచ్చి పనిసంచీ దించుతుండగా, మిగిలిపోయిన పలకతో వెనక నుంచి కొట్టాడు. మొదటిది భుజం మీద. రెండోదానికి సబ్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినపడింది. మణికట్టు వంగకూడని వైపు వంగి ఉంది. ధారీ ఆగలేదు. మా అమ్మని కాల్చావు కదరా కుక్కా అంటూ పక్కటెముకల్లో తన్నాడు.

సబ్రీ కింద పడి కిటికీలోంచి నా వైపు చూశాడు. నా పేరు చెప్పలేదు.

నేను గిన్నె తుడుస్తూనే ఉన్నాను.

సెప్టెంబర్ 21

పలకలు మార్చేసి నాసిరకం వేశాడని ధారీ పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు. సబ్రీ ఆసుపత్రిలో, తలుపు దగ్గర పోలీసు. నేరం రుజువైతే దేశం నుంచి పంపేస్తారు. మా ఆయన నోరు మెదపొద్దన్నాడు.

సెప్టెంబర్ 22

మెదపలేదు.

సెప్టెంబర్ 27

అత్త ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. ఇల్లంతా తుడిచాను. మళ్ళీ తుడిచాను.

సెప్టెంబర్ 28

ఒక్కదాన్నే స్టేషన్‌కి వెళ్ళాను. ఆఫీసరు కుర్రవాడు, అమ్మా అని కుర్చీ వేయించాడు. చెప్పాను.

"ఆ పలకలు ఎంచింది నేను. అతను వద్దన్నాడు. నీ రంపం నువ్వు చూసుకోమన్నది నేను."

సంతకం పెట్టాను.

రాత్రి ధారీ మా తలుపు తన్నుకుని వచ్చాడు. కాఫీ కూజా నా తల పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. మా ఆయన అడ్డం వెళ్ళాడు. యాభై దాటిన అన్నదమ్ములు నేల మీద పడి గొంతులు పట్టుకున్నారు. మా ఆయన పెదవి చిట్లింది. ధారీ పన్ను ఒకటి తివాచీ మీద దొరికింది.

సెప్టెంబర్ 29

అత్తకి నేనే చెప్పాను. ఎప్పటిలాగే మా పెద్దబ్బాయి పేరుతో పిలిచి అడిగింది.

"నా కాళ్ళకి తెలియలేదు, సరే. నీ కళ్ళకేమైంది మిషారీ వాళ్ళమ్మా?"

అక్టోబర్ 9

సబ్రీ విడుదలై, మణికట్టు విరగ్గొట్టినందుకు ధారీ మీద కేసు పెట్టాడు. ధారీకి జైలు తప్పదని లాయరు తేల్చేశాక, పెద్దలు దివానియాలో రాజీకి కూర్చోబెట్టారు. మగవాళ్ళ గది. అత్తా నేనూ పక్క గదిలోంచి విన్నాం, తలుపు సందులోంచి చూశాను.

మా పద్ధతి తెలిసిందే. ధారీ తలగుడ్డ మీది నల్లతాడు తీసి సబ్రీ ముందు పెట్టి, ఇదిగో తల, నీ హక్కు నువ్వు తీసుకో అన్నాడు. అవతలివాడు తాడు తిరిగి తలకి పెట్టి, క్షమించాను అనాలి. అందరూ అంటారు. ధారీ అప్పుడే టీ కోసం చూస్తున్నాడు.

సబ్రీ ఎడమచేత్తో తాడు అందుకున్నాడు. దాంతోనే ధారీ ముఖానికి అడ్డంగా ఒక్కటి కొట్టాడు. చెవి నుంచి ముక్కు దాకా చర్మం లేచింది.

ఎవరూ కదల్లేదు. సబ్రీ తాడుని తిరిగి ధారీ తల మీద పెట్టి, ఆ తలనే ముద్దుపెట్టుకుని, కేసు కాగితం చింపాడు.

"హక్కు తీసుకోమన్నారు కదా అయ్యా. తీసుకున్నాను."

నా పక్కన చక్రాల కుర్చీలో అత్త, కడుపు పట్టుకుని నవ్వుతోంది.

అక్టోబర్ 20

సబ్రీ గదికి వెళ్ళి, నా వల్ల పోయినదానికి ఏం కావాలో అడిగాను. ఆ అరుగు విప్పేయాలి, రెండు చేతుల పని, నాకున్నది ఒకటి అన్నాడు. పెళ్ళాం పిల్లలకి పంపడానికి డబ్బు ఎవరైనా ఇస్తారు హాజ్జా, చెయ్యి ఎవరిస్తారు అన్నాడు. నా గాజుల వైపు చూసి, అవి తీసి రండి అన్నాడు.

నవంబర్ 2

మూడు రోజులు సబ్రీకి కుడిచెయ్యి నేనే. అరవై నాలుగు పలకలు. గోళ్ళు రెండు ఊడాయి. అత్త బాకీ తీరేది కాదు. సబ్రీ బాకీ తీరింది.