అప్పలరాజు చెప్పని హాస్యం

1998 మే 1, రాత్రి

వన్ టౌన్‌లో మే డే బుర్రకథ అయిపోయింది. గొంతు బొంగురుపోయింది, నిద్ర మాత్రం రావడం లేదు.

కథ చెప్పేది నేను. పక్కన డక్కీ పట్టుకుని హాస్యం చెప్పేది అప్పలరాజు. హాస్యం ఎప్పుడూ జనాన్ని చూసి అప్పటికప్పుడు పుట్టేదే. ఈసారి కథ పెట్టించిన మా యూనియన్ కమిటీ దాన్ని కూడా ముందే రాసిమ్మంది. రాసిచ్చాం. పనిలో ఉండగా ఒళ్లు కాలి చనిపోయిన కాంట్రాక్టు కూలీ సింహాచలం గురించి అందులో ఒక ముక్క ఉంది.

"ఆడు పోతే మన జెండా ఎందుకు దించనేదు బావా?"

"ఆడు మన మెంబరు కాడు గదా బావా."

కమిటీ సెక్రటరీ ఆ ముక్కని కొట్టేశాడు. "మన జెండా మీద మనమే జోకులెయ్యడమేటి?" అన్నాడు. సోషలిజం వస్తే కళాకారుడి నోరు ఎవరూ నొక్కరన్న చరణం మాత్రం ఉంచాడు. దాన్ని నేనే గొంతెత్తి పాడాను.

ఆ ముక్క రావలసిన చోట అలవాటుకొద్దీ ఆగాను. అప్పలరాజు నేలకేసి చూస్తూ డక్కీ వాయించాడు.

వేదిక దిగాక సెక్రటరీ నా భుజం తట్టాడు. "ఈపాలి ఏ తప్పూ లేదు."

సింహాచలం భార్యని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది మేమే. జనం లేచి వెళ్లిపోతున్నా ఆమె కదల్లేదు.

"మా ఆయన మాట సెప్తామన్నారు గదన్నా. అదెప్పుడొత్తాది?" అంది.