మధ్యాహ్నం మొరాయించే నత్త జిగురు

బాంగర్,
ఫిబ్రవరి, సోమవారం

బ్లాంష్ అత్తయ్యకి ఒడీల్ బోలెడు ముద్దులతో,

నీ పసుపు బఠానీల సూపు సీసా రోజూ బస్సులో క్షేమంగా వస్తోంది. రాయిలా గడ్డకట్టి ఉంటోంది. ల్యాబులో తిండి వండుకోనివ్వరు. కిటికీ కింద ఎవరికీ పట్టని వేడినీళ్ళ తొట్టి ఒకటుంది. పదకొండింటికి సీసా అందులో దించానంటే భోజనం వేళకి కరుగుతుంది. నా తెలివి చూశావా!

కానీ అత్తయ్యా, నా పని మునిగేలా ఉంది. గాజు గొట్టంలో నత్త జిగురు పోసి, చిన్న ఇనుప గుండు వదిలి, ఎంతసేపట్లో అడుక్కి దిగుతుందో చూస్తాను. అదే నా పరిశోధన. పొద్దున జర్రున దిగిన గుండు మధ్యాహ్నం దిగనంటే దిగనంటోంది. జిగురు అదే, గుండు అదే! గొట్టం చుట్టూ తిరిగే వెచ్చటి నీళ్ళ వేడి కూడా పొద్దున్నే చూసుకుంటాను, సరిగ్గానే ఉంటుంది. నెలాఖరుకి కుదరకపోతే రెండేళ్ళ పనీ చెత్తబుట్టలోకేనన్నారు ప్రొఫెసర్ విన్స్‌లోగారు. ఏడుపొస్తోంది.

నీ ఒడీల్

తా.క. పక్క బల్ల ఎల్డన్ మధ్యాహ్నాలే ఇటు తచ్చాడుతున్నాడు. ఎందుకంటావ్?

*

ఫోర్ట్ కెంట్,
గురువారం

నా బంగారు ఒడీల్‌కి అత్తయ్య దీవించి రాసేది,

ఎందుకేమిటే, వాడే నీ జిగురులో ఏదో కలుపుతున్నాడు! ఆడపిల్ల ముందుకెళ్తుంటే ఓర్వలేక. నిలదియ్యి. బెంగతో సగమైపోయి ఉంటావు, ఇకనుంచి రోజూ పెద్ద సీసా పంపుతా. కడుపునిండా తిను.

మీ అత్తయ్య

తా.క. నత్త చీమిడికి కూడా చదువుందా అని మీ మామయ్య అడిగాడు. నోరు మూయించాను. అయినా, ఉందా?

*

బాంగర్,
బుధవారం

అత్తయ్యకి, ఏడుపు ఆపుకుంటూ,

పెద్ద సీసా రావడం మొదలైంది. నా ఖర్మ, ఆ రోజు నుంచే జిగురు మరీ మొండికేసింది. గుండు నడిమధ్యలో కునుకు తీస్తోంది!

ఎల్డన్‌ని నిలదీశాను. "నా జిగురులో ఏం కలుపుతున్నావు?" అంటే, "కలపడమా? నేనా? అబ్బే..." అని నసిగాడు. మీసానికి పసుపుపచ్చగా ఏదో అంటుకుంది. ఏం మందో ఏమో!

ఒడీల్

తా.క. నీ సూపు రోజూ సగానికి సగం తగ్గుతోంది. ఆవిరైపోతోందేమో.

*

ఫోర్ట్ కెంట్,
శనివారం

పిచ్చి ఒడీల్‌కి అత్తయ్య,

మూతబిగించిన సీసాలోంచి ఆవిరేమిటే! పెద్ద చదువులట. వాడు నా సూపు తాగుతున్నాడు! ఈసారి రెండు సీసాలు. ఎర్రమూత దాంట్లో మిరియాలు దట్టించాను, నువ్వు ముట్టుకోకు. ఎవడు దగ్గుతాడో వాడే దొంగ.

అత్తయ్య

తా.క. మీ మామయ్య ఎర్రమూత సీసా రుచి చూశాడు. ఇంకా మాట రావడంలేదు. ఇల్లు హాయిగా ఉంది.

*

బాంగర్,
మంగళవారం

అత్తయ్యా, నా ప్రాణమా,

మంచు తుఫానుకి సోమవారం బస్సు రాలేదు. సూపు లేదు. మధ్యాహ్నం గుండు పొద్దుటిలాగే జర్రున దిగింది! గెంతులేస్తుంటే ఎల్డన్ తొట్టి దగ్గర దిగాలుగా నిలబడి, "ఇవాళ సీసా లేదా?" అన్నాడు. కాలర్ పట్టుకున్నాను. "రోజుకి ఒక్క చెంచాయే, ఒట్టు! సగం సీసా నేనెక్కడ తాగాను?" అన్నాడు. ఎవరు నమ్ముతారు!

అప్పుడు చూశాను. తొట్టి వెనక నుంచి రబ్బరు గొట్టం, గోడవెంట నా బల్లదాకా! నా గాజు గొట్టం చుట్టూ తిరిగే వెచ్చటి నీళ్ళు కింది బాయిలర్‌వి అనుకున్నాను. ఆ తొట్టివేనట. నీ గడ్డకట్టిన సూపు వాటిని చల్లార్చేది, చల్లబడ్డ జిగురు చిక్కబడేది. నువ్వు ప్రేమకొద్దీ పెద్ద సీసా పంపేసరికి ఇంకా చిక్కబడింది!

ఇవాళ నీ సీసాలు రెండూ వచ్చాయి. తొట్టిలో పెట్టకుండా బల్లమీదే ఉంచాను. మధ్యాహ్నం కూడా గుండు బుద్ధిగా దిగింది. ప్రొఫెసర్‌గారు సాయంత్రం నా పని సరేనని సంతకం పెట్టేశారు!

నీ ఒడీల్

తా.క. పాపం ఆయనకి ఉన్నట్టుండి జలుబు. సంతకం పెడుతూ ఒకటే దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు. ఎల్డన్ మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

*

ఫోర్ట్ కెంట్,
శుక్రవారం

సంతకం సంపాదించిన నా తల్లికి అత్తయ్య,

అది జలుబు కాదే వెర్రిదానా. ఎర్రమూత సీసాలో ఎంత మిగిలిందో చూడు.

ఎల్డన్‌కి క్షమాపణ చెప్పి ఒక గిన్నెడు పొయ్యి.

అత్తయ్య

తా.క. మీ ప్రొఫెసర్‌కి ఆయన పేరు రాసి విడిగా ఒక సీసా పంపుతున్నాను, మిరియాలు లేనిదే. పట్టుబడ్డానని తెలిసినవాడు సంతకం వెనక్కి తీసుకోడు.